జున్ను నవ్వడం లేదురా నానీ

ఏలూరు,
16-11-2025

చిరంజీవి నానీకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఫోన్లో రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావని, మీ పెదనాన్న పాత లెటర్‌ప్యాడ్ వెతికి తీసి దీని మీద రాస్తున్నాను. కాగితాన్ని వేలితో పైకి తోసెయ్యలేవు కదా.

నువ్వు పంపిన రీలు చూశాను. ఎదురు ఫ్లాట్ వాళ్ల మూడేళ్ల పాప నీ కుక్క జున్ను మెడ చుట్టూ చేతులేసి వాటేసుకోవడం, వెనకాల సినిమా పాట, కింద ఎనభై వేల మంది చూశారన్న లెక్క, ఎర్ర గుండెకాయల వరసలు. "పెద్దమ్మా, మన జున్ను స్టార్ అయిపోయింది" అన్నావు. నేను పాట ఆపేసి మూడుసార్లు చూశాను. తర్వాత మీ పెదనాన్నకి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి ఒక్క మాట అన్నారు: "ముందు ఆ పిల్లని పక్కకి తియ్యమను."

నువ్వు కూడా ఓసారి పాట లేకుండా చూడు. పాప చెయ్యి వేసిన వెంటనే జున్ను ముఖం పక్కకి తిప్పింది. నాలిక బయటికొచ్చి ముక్కు కొన తడిమి లోపలికి పోయింది. ఎదురుగా తిండేమీ లేదు. తర్వాత ఆవలించింది, నిద్ర వేళ కాదు. చివర్లో తల కదపకుండా కంటిగుడ్డు మాత్రం పాప వైపు తిప్పింది. తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. ఒళ్లు కొయ్యలా బిగుసుకుంది. అక్కడితో నీ రీలు అయిపోయింది. కింద ఎవరో "నవ్వుతోంది చూడండి" అని రాశారు. జున్ను నవ్వడం లేదురా. నన్నొదలండి బాబూ అని అయిదు రకాలుగా మొరపెట్టుకుంది. ఎనభై వేల మంది చూశారు, ఒక్కరికీ వినపడలేదు. నీకైనా వినపడాలి, ఎందుకంటే దానికి అన్నం పెట్టేవాడివి నువ్వు.

మూగజీవాలు అనే మాట మీ పెదనాన్న ముప్ఫయ్యేళ్ల పశువుల ఆసుపత్రి సర్వీసులో ఎప్పుడూ ఒప్పుకోలేదు. చెవి చెబుతుంది, తోక చెబుతుంది, వీపు మీద వెంట్రుక చెబుతుంది అంటారు. తోక ఊపితే సంతోషమనుకోవడం కూడా పొరపాటేనట. బిర్రుగా పైకి లేపి చిన్నగా వణికిస్తూ ఊపే తోక వేరు, నడుము దాకా కదిలిస్తూ ఊపేది వేరు. ఇంకో ముఖ్యమైన సంగతి. జున్ను ఎప్పుడైనా గుర్రుమంటే కోప్పడకు, మూతి మీద కొట్టకు. గుర్రుమనడం అది ఇచ్చే ఆఖరి నోటీసు. నోటీసు ఇచ్చినందుకు కొట్టావనుకో, ఈసారి నోటీసు లేకుండా కరుస్తుంది. అప్పుడు "ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అనేది కాదండీ, హఠాత్తుగా కరిచింది" అంటారు. హఠాత్తుగా కరిచిన కుక్కని నేను చూడలేదు, అది ముందుగా చెప్పింది పట్టించుకోని మనుషుల్ని చూశాను.

ఆ మనుషుల్లో నేనూ ఒకదాన్ని. 1971లో నాకు పదేళ్లు. కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున మా తాతగారింట్లో జొనంగి కుక్క ఉండేది. నువ్వు జొనంగిని చూసి ఉండవు. పొట్టి వెంట్రుక, నున్నటి ఒళ్లు, నుదుటి మీద ముడతలు. మొరగడం తక్కువ. ఊళకీ పాటకీ మధ్య ఒక వింత కూత కూసేది. బాతుల మందల్ని మళ్లించడంలో దాన్ని మించింది లేదు. ఎండ పెరిగితే ఇసకలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకునేది. ఇప్పుడు కొల్లేటి చుట్టూ చేపల చెరువులు వచ్చి బాతుల మందలు తగ్గిపోయాక, ఆ కుక్కకీ పని లేకుండా పోయింది. సైబీరియా కుక్క కోసం ఎగబడేవాళ్లకి ఇక్కడి జొనంగి పేరు కూడా తెలీదు. సరే, ఆ మాట తర్వాత.

ఒకరోజు అది తింటుంటే పళ్లెంలో చెయ్యి పెట్టాను. గుర్రుమంది. నవ్వి మళ్లీ పెట్టాను. మణికట్టు మీద రెండు పళ్లు దిగాయి. మా నాయనమ్మ గాయం మీద కారం, సున్నం అద్దింది. అప్పటి నా అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత నాన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తే బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు ఇంజెక్షన్లు. గొర్రె మెదడు నుంచి తీసిన మందు అది. నాకు ఇంజెక్షన్లు వేయిస్తున్నన్నాళ్లూ నాన్న ఆ కుక్కని గొలుసుతో కట్టేసి కనిపెట్టుకుని ఉన్నాడు. దానికేమీ కాలేదు, మరో ఎనిమిదేళ్లు బతికింది. కుక్కదేమీ తప్పు లేదు, కానీ నాకు ఆ పద్నాలుగు తప్పలేదు.

మన దేశంలో ఆ మందు మానేసి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు. చర్మంలో వేసే పద్ధతైతే మొదటి రోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండలో వేసేదైతే పద్నాలుగో రోజు కూడా. అంతే. ఇంత తేలికైన మందు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతున్నా రేబిస్‌తో మనుషులు పోతున్నారంటే నాకు కోపం వస్తుంది. చిన్న గీరే కదా అనుకోవడం, తిడతారని పిల్లలు దాచడం, పసరు మందుకి తిప్పడం. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక డాక్టరు చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు. నీళ్లు చూస్తే గొంతు పట్టేస్తుంది. కాటు పడిన చోటు నుంచి నరాల వెంట మెల్లగా పాకి మెదడుకి చేరుతుంది ఆ వైరస్. అలా చేరడానికి నెలా మూడు నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ముందే, ఒక్కోసారి ఏడాది దాటాక. ముఖం మీదా మెడ మీదా పడిన కాటుకి దారి తక్కువ. మూడేళ్ల పాప ముఖం కుక్క మూతికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నీ రీలు చూసి మీ పెదనాన్న కళ్లజోడు సవరించుకున్నది అందుకే.

ఆయనకి జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు. సర్వీసులో చేరిన కొత్తలో ఒక గేదె చొంగ కారుస్తూ మేత మింగలేకపోతోందని తీసుకొచ్చారు. గొంతులో ఏ మామిడి టెంకో ఇరుక్కుందనుకుని ఈయన మోచేతి దాకా చెయ్యి నోట్లో పెట్టి వెతికారు. ఏమీ లేదు. రెండో రోజుకి గేదె కట్టుకొయ్యని కొమ్ములతో కుమ్మడం మొదలెట్టింది, మూడో రోజు చచ్చిపోయింది. అది కుక్క కరిచిన గేదె. నెల ముందు కరిచిందని ఆ రైతు అప్పుడు చెప్పాడు. చేతి మీద గీతలున్నాయేమోనని రాత్రంతా లైటు కింద వెతుక్కున్నాం. ఈయన టీకాలన్నీ వేయించుకున్నారు. పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. ఇది రాస్తుంటే పక్కనుంచి "అవన్నీ ఎందుకే" అంటున్నారు. ఎందుకంటే నువ్వు జున్ను తొలిసారి పంటి గాటు పెట్టినప్పుడు "ఇంట్లో కుక్కే కదా పెద్దమ్మా" అన్నావు కాబట్టి.

ఇంట్లో కుక్కైనా, వీధిదైనా, పిల్లి అయినా గాటు పడితే ముందు చెయ్యాల్సింది కుళాయి తిప్పడం. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని. ఆ వైరస్ పైపొర కొవ్వుతో ఉంటుంది, సబ్బు దాన్ని చెదరగొడుతుంది. కారం వద్దు, సున్నం వద్దు, పసుపు వద్దు, కట్టు కూడా కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి. మీ హైదరాబాదులో ఈ టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎం ఉండనే ఉంది. రక్తం వచ్చిన గాటైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇంకో మందు ఉంటుంది, అది వేశారా లేదా అని నువ్వే అడుగు.

ఇక ఫోను సంగతి. దీని మీద నీకు చెప్పేంతటిదాన్ని కానని నవ్వుకుంటావు. నవ్వుకో. దసరాకి మీ ఇంటికొచ్చినప్పుడు వైఫై పాస్‌వర్డ్ అడిగితే జున్ను పేరు, పక్కన ఎట్ గుర్తు, దాన్ని తెచ్చిన సంవత్సరం చెప్పావు. సినిమాల యాప్‌కీ అదే. బ్యాంకుది ఏమిటని నేను అడగలేదు గానీ నీ ముఖం చూస్తే తెలిసిపోయింది. మా రోజుల్లో ఇంటి తాళంచెవి గుమ్మం పైన పెట్టుకునేవాళ్లం, వీధి మొత్తానికీ తెలుసు. నువ్వు చేసింది అదే. దాని పేరు నీ రీళ్లన్నిటి మీదా ఉంది, పుట్టినరోజు కేకు కోయించి మరీ తేదీ చెప్పావు. పాస్‌వర్డ్ మరిచిపోతే అడిగే రహస్య ప్రశ్నల్లో మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటన్నది ఒకటి. ఆ జవాబు ఎనభై వేల మందికి తెలుసు.

మెళ్లో బిళ్ల మీద నీ ఫోన్ నంబరు చెక్కించావు, మంచి పని. తప్పిపోతే పనికొస్తుంది. కానీ రీల్లో ఆ బిళ్లని దగ్గర నుంచి చూపించావు. గేటు మీద అపార్ట్‌మెంట్ పేరు చూపించావు. పొద్దున్న ఆరున్నరకి ఏ రోడ్డు మీద నడుస్తావో వారం రోజులు చూపించావు. మొన్న దీపావళికి మా ఊరు వస్తూ, "మూడు రోజులు జున్నుకి ఎదురింటి ఆంటీ అన్నం పెడతారు" అని కూడా పెట్టావు. ఇంట్లో ఎవరూ లేరని దండోరా వేయించడానికి ఇంకేం కావాలి? ఊరెళ్లి వచ్చాక పెట్టు, ఎవరు కాదన్నారు.

హస్కీ పిల్ల కోసం పోయిన ఏడాది ఏడువేల అయిదొందలు పోగొట్టుకున్న సంగతి మీ అమ్మ చెప్పింది. నన్ను అడిగితే తిడతానని నాకు చెప్పలేదట. ఇప్పుడు తిట్టను. ఫొటోలో నీలికళ్ల పిల్ల, సగం ధర, ముందు అడ్వాన్సు, తర్వాత బోను ఖర్చు, ఆ తర్వాత టీకా సర్టిఫికెట్టు ఖర్చు, ఆపైన ఫోను స్విచాఫ్. ఆ ఫొటో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చింది అయ్యుంటుంది. అసలా పిల్ల నిజంగా వచ్చి ఉంటే నాకు ఇంకా బాధ. మంచుదేశంలో బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో పుట్టిన జీవాన్ని మన మే నెలలో ఏం చేద్దామనుకున్నావు? నీ స్నేహితులెవరైనా కొంటామంటే ఇది చెప్పు: తల్లి కుక్కని చూడకుండా పిల్లకి పైసా ఇవ్వొద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నుంచి నిబంధన ఉంది. "కుదరదండీ, కొరియర్లో పంపిస్తాం" అన్నవాడు మాట్లాడుతుండగానే ఫోను పెట్టెయ్యొచ్చు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత. నువ్వు సిగ్గుపడి నాలుగు రోజులు దాచావు.

ఆ ఏడువేల అయిదొందలు పోయిన నెల రోజులకే సెల్లార్లో కారు కింద జున్ను దొరికిందని విన్నప్పుడు, మీ పెదనాన్న చాలాసేపు నవ్వారు.

దీపావళికి టపాసుల చప్పుడుకి పారిపోయిన మీ ఫ్రెండు కుక్క కథ కూడా విన్నాను. తప్పిపోయిందని ఫొటో పెట్టగానే, నా దగ్గరే ఉంది, అయిదువేలు పంపితే అడ్రసు చెబుతానని ఎవడో ఫోన్ చేశాడట కదా. ప్రాణం కొట్టుకుంటున్నప్పుడు మనిషికి బుద్ధి పని చెయ్యదు, అందుకే ముందే చెబుతున్నాను. ప్రకటనలో ఒక్క గుర్తు మాత్రం రాయకుండా దాచుకోవాలి. జున్ను వెనక కుడికాలు లోపలి వైపు తెల్లమచ్చ ఉంది కదా, అది ఏ రీల్లోనూ చూపించకు. దొరికిందన్నవాణ్ణి ఆ కాలు గురించి అడుగు. అలాగే ఎవడైనా నీకు డబ్బు వచ్చేందుకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడో, వాడు దొంగే. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే గాని పుచ్చుకోవడానికి కాదు.

నువ్వు నాకు పంపే జంతువుల వీడియోల్లో కొన్ని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొండచిలువ చుట్టుకున్న కుక్కపిల్లని సరిగ్గా అప్పుడే ఒకడు వచ్చి కాపాడతాడు. కెమెరా మాత్రం పాము రాకముందు నుంచే స్టాండు మీద కుదురుగా ఉంటుంది. ఎలా ఉందో నువ్వే ఆలోచించు. చేతులు రెండూ పైకెత్తి కితకితలు పెట్టించుకునే గుండ్రటి కళ్ల జంతువు ఒకటుంది, స్లో లోరిస్. పదిహేనేళ్లకి పైగా తిరుగుతున్న వీడియో అది. చేతులెత్తడం దాని సరదా కాదు. మోచేతి దగ్గర విషగ్రంథి ఉంటుంది, భయపడితే చేతులెత్తి దాన్ని నోటికి అందించుకుంటుంది. కరవకుండా ఉండాలని అమ్మేముందు చాలాసార్లు వాటి పళ్లు కత్తిరిస్తారు, లేదా పీకేస్తారు. మన శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లి దానికి చుట్టమే. మీ వాచ్‌మన్ పెంచుతున్న రామచిలుకతో కూడా రీలు చేద్దామనుకుంటున్నావట. 1972 వన్యప్రాణి చట్టం కింద రామచిలుకని పంజరంలో పెట్టడం నేరం. నీ వీడియోయే అతని మీద సాక్ష్యమవుతుంది. అతనికి మెల్లగా నచ్చజెప్పు, ఫోను జేబులో పెట్టుకుని.

ఇంకోటి చెప్పాలి, ఇది నీకు నచ్చదు. ఈ నెల ఏడున సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తరలించమన్న దగ్గర్నుంచి నువ్వు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పోట్లాడుతున్నావని తెలిసింది. కుక్కలంటే భయమన్న ఒకామెని "రెండు కాళ్ల జంతువు" అన్నావట. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి కుక్కలు చంపిన వీడియో ఆమె కూడా చూసే ఉంటుంది. ఆమెకి చిన్నపిల్లాడు ఉన్నాడు. జున్ను అంటే నీకున్న ప్రేమతో ఆమె భయం అబద్ధమైపోదు. అన్నంలో విషం కలిపి పెట్టేవాళ్లనీ నేను క్షమించను. జంతువుని హింసిస్తే 1960 నాటి చట్టంలో తొలి తప్పుకి జరిమానా యాభై రూపాయలు మించదంటే సిగ్గుగా ఉంటుంది. కానీ గ్రూపులో తిట్టుకుంటే ఒక్క కుక్కకీ టీకా పడదు. ఊళ్లో కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా వేయగలిగితే వాటిలో రేబిస్ పాకడం ఆగుతుందని లెక్క. మీ సెల్లార్లో జున్ను తల్లి ఇంకా తిరుగుతోంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? చెవి కొస కత్తిరించి ఉంటే అయినట్టే, చూడు. లేకపోతే మున్సిపాలిటీ వాళ్లకి చెప్పి పట్టించు. అన్నం లిఫ్టు దగ్గర కాకుండా పిల్లలు తిరగని మూల పెట్టు. ఆ పనయ్యాక గ్రూపులో ఆమెకి క్షమాపణ చెప్పు. ముందు చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

వైద్యం మాత్రం రీళ్లు చూసి చెయ్యకు. పిడుదులకి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయమని ఎవరో చెప్పారన్నావు. రాసిందల్లా కుక్క నాకుతుంది, కర్పూరం లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి. మా వీధిలో ఒకావిడ పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క బిళ్ల ఇచ్చింది. పిల్లి లివరు ఆ మందుని అరిగించుకోలేదు. మర్నాటికి ఆ పిల్లి లేదు. ప్రసాదంలో కిస్మిస్, నీ చాక్లెట్, పకోడీలో ఉల్లిపాయ, షుగర్ లేని చూయింగ్ గమ్ జున్ను నోటికి అందకుండా చూసుకో. ఎంత బతిమాలుకునే కళ్లు పెట్టినా సరే. ఆ కళ్లకి మీ పెదనాన్న కూడా లొంగిపోతారు, నాకు తెలుసు.

ఆ రీలు తీసెయ్యి. పాప తల్లికి నువ్వే వెళ్లి చెప్పు, వాటేసుకోవడం వద్దు, పక్కన కూర్చుని చెయ్యి చాపితే అదే దగ్గరికొస్తుందని. రాకపోతే ఆ రోజుకి రాలేదంతే.

సంక్రాంతికి జున్నుని కారులో తీసుకురా. సూర్యాపేట దగ్గర టిఫినుకి ఆగినప్పుడు అద్దాలు మూసి దాన్ని కారులో వదలకు, అయిదు నిమిషాలైనా సరే. ముందు నువ్వు తిను, తర్వాత నీతో వచ్చే ఫ్రెండు తింటాడు, ఒకరు దాని దగ్గరుండండి. టీకా కార్డు మర్చిపోకుండా తెచ్చుకో, రేబిస్ బూస్టర్ తేదీ మీ పెదనాన్న చూస్తారట. పెరట్లో జామచెట్టు కింద ఒక ట్రాక్టరు ఇసక పోయించాను. తవ్వుకోనీ.

ఇట్లు,
మీ పెద్దమ్మ